రైకర్స్‌ను మూయడానికి వేసిన లెక్క

న్యూయార్క్ క్రిమినల్ కోర్టులో జడ్జి ఒక మనిషిని జైలుకు పంపకుండా, డబ్బు కట్టమనకుండా, మాలాంటి వాళ్లకు అప్పగించే ఏర్పాటు ఒకటుంది. దాన్ని సూపర్‌వైజ్డ్ రిలీజ్ అంటారు. 2009లో నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ప్రయోగంగా మొదలై, 2016 మార్చిలో నగరమంతటికీ వచ్చింది. అందులో నేను కేస్ మేనేజర్‌ని. వాయిదా ముందురోజు ఫోన్ చేస్తాను. పడుకోవడానికి చోటు లేనివాడికి షెల్టర్లో మంచం దొరుకుతుందేమో చూస్తాను. పొద్దున్నే కోర్టు మెట్ల దగ్గర నిలబడి ఎదురుచూస్తాను. మనిషి వాయిదాకు వచ్చాడా లేదా అన్నదే మా పనికి కొలత.

రైకర్స్ ద్వీపంలోని జైళ్లను మూసేయాలని చెప్పిన పౌర కమిషన్ గురించి ఈ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఉత్తర్వు వేసే అధికారం లేని కొద్దిమంది ఒక మహానగరం చేత సరేననిపించారు. అనిపించి ఇన్నేళ్లయినా ఆ జైళ్లు తెరిచే ఉన్నాయి. ఎలా ఒప్పించారు, ఎందుకు ఆగిపోయింది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే లెక్కలో ఉందని నా అభిప్రాయం.

ద్వీపం, ఒక కుర్రాడు

రైకర్స్ ఈస్ట్ రివర్‌లో, క్వీన్స్‌కూ బ్రాంక్స్‌కూ మధ్య ఉంటుంది. 1884లో నగరం కొన్నప్పుడు అది చిన్న ద్వీపం. ఆ తర్వాత దశాబ్దాల పాటు నగరపు చెత్తనూ బూడిదనూ తెచ్చి నీళ్లలో పోసి, ఖైదీల చేత పని చేయించి, దాన్ని 400 ఎకరాలు దాటించారు. 1930ల నుంచి అక్కడ జైళ్లు నడుస్తున్నాయి. 1966లో క్వీన్స్ వైపు నుంచి వంతెన కట్టారు. రోడ్డు మీద వెళ్లాలంటే ఇప్పటికీ అదొక్కటే దారి.

అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంకా శిక్ష పడలేదు. కమిషన్ పని మొదలుపెట్టేనాటికి నగర జైళ్లలో సుమారు నాలుగింట మూడొంతులు విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. మన వాడుకలో చెప్పాలంటే అండర్‌ట్రయల్స్.

వాళ్లలో కలీఫ్ బ్రౌడర్ ఒకడు. 2010 మే నెలలో, ఒక బ్యాక్‌ప్యాక్ దొంగతనం ఆరోపణ మీద బ్రాంక్స్‌లో పోలీసులు పట్టుకున్నప్పుడు అతనికి 16 ఏళ్లు. బెయిల్ 3,000 డాలర్లన్నారు. ఇంట్లో అంత డబ్బు లేదు. అప్పటికే వేరే కేసులో ప్రొబేషన్ మీద, అంటే షరతులతో బయట ఉన్నాడని, తర్వాత ఆ బెయిల్ అవకాశం కూడా తీసేశారు. నేరం ఒప్పుకుంటే త్వరగా బయటపడొచ్చని చెప్పినా ఒప్పుకోలేదు. చెయ్యని పని చేశానని ఎలా చెప్పనన్నాడు. వాయిదా మీద వాయిదా పడుతూ మూడేళ్లు గడిచాయి. అందులో దాదాపు రెండేళ్లు ఒంటరి గదిలో. 2013లో విచారణ జరగకుండానే కేసు కొట్టేశారు. 2015 జూన్‌లో, 22 ఏళ్ల వయసులో, ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు.

ఇది విన్నవాళ్ల మనసు ఒంటరి గది దగ్గర ఆగిపోతుంది. ఆగాలి కూడా. కోర్టులో పనిచేసేవాళ్లం ఇంకో మాట దగ్గర కూడా ఆగుతాం. వాయిదా మీద వాయిదా. ఆ మాటకు మళ్లీ వస్తాను.

ఎవరిని కూర్చోబెట్టారు

2016 ఫిబ్రవరిలో నగర కౌన్సిల్ స్పీకర్ మెలిస్సా మార్క్-వివెరిటో కమిషన్ వేస్తున్నట్టు ప్రకటించారు. అధ్యక్షుడు జొనాథన్ లిప్‌మన్. రెండు నెలల ముందు దాకా ఆయన న్యూయార్క్ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి. మాజీ ప్రాసిక్యూటర్లు, డిఫెన్స్ లాయర్లు, స్వయంగా జైలు అనుభవించినవాళ్లు, వ్యాపార రంగం వాళ్లు, ఫౌండేషన్లు నడిపేవాళ్లు సభ్యులు. హెర్బర్ట్ స్టర్జ్ కూడా ఉన్నారు. 1961లో మాన్‌హట్టన్ బెయిల్ ప్రాజెక్టును నడిపినవారిలో ఆయన ముఖ్యుడు. ఈ ఊళ్లో ఇల్లూ ఉద్యోగమూ బంధువులూ ఉన్న మనిషిని డబ్బు కట్టించుకోకుండా వదిలినా తిరిగి కోర్టుకు వస్తాడని ఆ ప్రాజెక్టు చూపించింది. నేను చేస్తున్న పనికి తాతముత్తాత అదే. మేయర్ ఎడ్ కాచ్ హయాంలో, 1970ల చివర్లో, రైకర్స్‌ను రాష్ట్రానికి అప్పగించి నగరంలోనే చిన్న జైళ్లు కట్టే ఆలోచన ఒకసారి వచ్చి పోయింది. దాని వెనకా స్టర్జ్ ఉన్నారు. అంటే ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరికి ఇది రెండో ప్రయత్నం.

ఈ కూర్పు వల్లే కమిషన్ మాటకు బరువొచ్చిందని నేననుకుంటాను. ఒక్క డిఫెన్స్ లాయర్లే కలిసి రాసి ఉంటే, వాళ్లు అనక ఏమంటారులే అని పక్కన పెట్టేసేవాళ్లు. ఒక్క అధికారులే రాసి ఉంటే కొత్త పెయింటు, కొత్త కెమెరాల దగ్గర ఆగిపోయేది. ప్రాసిక్యూటర్‌గా పనిచేసిన మనిషీ, ఆ జైల్లో పడుకుని లేచిన మనిషీ ఒకే కాగితం కింద సంతకం పెట్టడం మామూలు సంగతి కాదు.

బయట వీధిలో అదే ఏడాది ఇంకో ఉద్యమం మొదలైంది. లోపల ఉండి వచ్చినవాళ్లు, వాళ్ల తల్లులు, అక్కచెల్లెళ్లు రైకర్స్ మూయమని సిటీ హాల్ మెట్ల మీదికి వచ్చారు. మేయర్ బిల్ డి బ్లాసియో మొదట ఖర్చు ఎక్కువన్నారు. వీధిలో వాళ్లు ఆయన్ను వదల్లేదు. కమిషన్ ఆ ఖర్చుకు జవాబు తయారుచేసింది. చివరికి 2017 మార్చి 31న మూసేస్తామని మేయర్ ప్రకటించారు. రెండు రోజుల తర్వాత కమిషన్ నివేదిక విడుదలైంది. రెంటిలో ఏది లేకపోయినా ఆ ప్రకటన వచ్చేది కాదు.

లెక్క

నివేదికలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది జైలును ఒక కట్టడంగా కాక ఒక అంకెగా చూడటం. కట్టడం గురించి వాదిస్తే తెగదు: ఒకరు దుర్భరమంటారు, ఇంకొకరు బాగుచేద్దామంటారు. కమిషన్ అడిగిన ప్రశ్న వేరు. ఈ రాత్రి ఇంతమంది లోపల ఎందుకున్నారు?

ఒక జైల్లో ఏ రోజైనా ఉండే సంఖ్య రెండు అంకెల గుణకారం. రోజుకు ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులుంటున్నారు. రోజుకు 100 మంది వచ్చి పది రోజుల్లో వెళ్లిపోతే లోపల 1,000 మంది ఉంటారు. రోజుకు పది మందే వచ్చి 300 రోజులుంటే 3,000 మంది ఉంటారు. వచ్చేవాళ్లు పదోవంతుకు తగ్గినా మంచాలు మూడు రెట్లు కావాలి. ఈ సంగతి తెలియకుండా అరెస్టులు తగ్గాయి కాబట్టి జైలు దానంతటదే ఖాళీ అవుతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1991లో నగర జైళ్లలో 22,000 మందికి దగ్గరగా ఉండేవాళ్లు. 2017 నాటికి ఆ సంఖ్య 10,000 లోపుకు వచ్చింది. ఆ కాలంలోనే నగరంలో నేరాలు కూడా బాగా తగ్గాయి. కాబట్టి జైలు తగ్గితే నేరం పెరుగుతుందన్న భయానికి నగరపు అనుభవమే జవాబు చెప్పింది. పదేళ్లలో 5,000 లోపుకు తేవచ్చని కమిషన్ అంది. అలా తెస్తే ద్వీపం అక్కర్లేదు, కోర్టుల పక్కనే చిన్న జైళ్లు సరిపోతాయి. "మూయండి" అన్న డిమాండుకు కాళ్లొచ్చింది ఇక్కడే.

వచ్చేవాళ్లను తగ్గించడం

మొదటి అంకె మీద పని బాగా జరిగింది. చిన్న చిన్న తప్పులకు అరెస్టు బదులు సివిల్ సమన్లు, అంటే క్రిమినల్ కేసు కాని నోటీసులు, ఇచ్చే చట్టాలను 2016లో నగర కౌన్సిల్ చేసింది. మెట్రో టికెట్ కొనకుండా గేటు దాటినవాళ్ల మీద కేసులు పెట్టడం 2018లో మాన్‌హట్టన్ ప్రాసిక్యూటర్ చాలావరకు ఆపేశారు. మా పథకం పెరిగింది.

బెయిల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. న్యూయార్క్‌లో 1970 నాటి చట్టం బెయిల్‌కు తొమ్మిది పద్ధతులిచ్చింది. సంతకం మాత్రమే పెట్టి వెళ్లే పూచీకత్తు ఉంది. పదోవంతు కట్టి మిగతాదానికి హామీ ఇచ్చే పద్ధతి ఉంది. జడ్జీలు దశాబ్దాల పాటు వాడింది దాదాపుగా రెండే: పూర్తి నగదు, లేదా రుసుము తీసుకుని హామీ ఉండే బెయిల్ కంపెనీ బాండు. కొత్త చట్టమేదీ లేకుండానే వాడదగిన పనిముట్లు అల్మరాలో తుప్పుపట్టాయి. ఈ పద్ధతులు వాడమని కమిషన్ గట్టిగా చెప్పింది. 2020 జనవరి నుంచి అమల్లోకొచ్చిన రాష్ట్ర చట్టం చిన్న నేరాల్లో చాలావాటికీ, హింస లేని పెద్ద నేరాల్లో చాలావాటికీ డబ్బు బెయిల్ తీసేసింది. మిగతా కేసుల్లో కనీసం మూడు పద్ధతులు చూపించాలని, వాటిలో ఒకటి సంతకం పూచీకత్తో కొద్ది డబ్బు కట్టే పద్ధతో అయ్యుండాలని జడ్జీకి చెప్పింది. ఆ చట్టాన్ని 2020, 2022, 2023లలో మూడుసార్లు సవరించి జడ్జీలకు కొంత వెసులుబాటు తిరిగి ఇచ్చారు.

ఒక డాలర్ బెయిల్ అనేది కూడా ఉంది. ఒక మనిషి మీద రెండు కేసులుంటే, పెద్ద కేసులో లోపలున్న రోజులు చిన్న కేసుకు కూడా జమ కావాలని లాయరే చిన్న కేసులో ఒక డాలర్ బెయిల్ అడుగుతాడు. ఉద్దేశం మంచిదే. పెద్ద కేసు కొట్టేసినప్పుడు ఆ ఒక్క డాలర్ ఎవరైనా వెళ్లి కడితే తప్ప మనిషి బయటికి రాడు. అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఒక డాలర్ కోసం రైకర్స్‌లో మిగిలిపోయినవాళ్లు ఉన్నారని తెలిసి, ఆ డాలర్లు కట్టడానికే స్వచ్ఛందంగా తిరిగినవాళ్లు ఈ నగరంలో ఉన్నారు.

నా దగ్గరికొచ్చిన ఒకాయన లాండ్రీలో పనిచేసేవాడు, ముసలి తల్లిని చూసుకునేవాడు. కేసు 14 నెలలు నడిచింది. ఒక్క వాయిదా తప్పలేదు. చివరికి ఆరోపణ బాగా చిన్నదైపోయి ముగిసింది. అతను లోపల ఉండుంటే ఆ 14 నెలలూ ఒక మంచం నిండేది, లాండ్రీలో ఉద్యోగం పోయేది, తల్లిని చూసే దిక్కుండేది కాదు. 2021 ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషిని ఏడాది పాటు నగర జైల్లో ఉంచడానికి అయిన ఖర్చు 5,50,000 డాలర్లు దాటిందని నగరపు లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ చెప్పారు. అందులో పదోవంతు ఖర్చు పెట్టినా ఒక మనిషికి ఇల్లు, వైద్యం, పని మూడూ చూపించొచ్చు. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

కోర్టు పక్కన జైలు ఎందుకు

న్యూయార్క్ నగరం ఐదు బరోలుగా, అంటే పెద్ద విభాగాలుగా ఉంటుంది. కమిషన్ ప్రతి బరోలోనూ కోర్టు దగ్గరే జైలుండాలంది. చాలామందికి ఇది కట్టడాల విషయంగా కనిపించింది. నాకు రోజుల విషయంగా కనిపిస్తుంది. రైకర్స్‌లో ఉన్న మనిషికి వాయిదా ఉంటే తెల్లవారకముందే లేపుతారు. గదిలోంచి గదికి, బస్సులోకి, కోర్టు వెనక కిక్కిరిసిన లాకప్‌లోకి తెస్తారు. అంత దూరం వచ్చాక జడ్జి ముందు అతని వంతు రెండు నిమిషాలు. మరో తేదీ ఇస్తారు. ద్వీపానికి తిరిగి చేరేసరికి చీకటి పడిపోతుంది. బస్సు రాకపోతే, సిబ్బంది చాలకపోతే మనిషి కోర్టుకే రాడు. తర్వాతి వాయిదా ఇంకో నెలకు పడుతుంది. దూరం రోజులను పెంచుతుంది, రోజులు మంచాలను నింపుతాయి.

నగరం ఐదో బరో స్టేటెన్ ఐలాండ్‌ను వదిలేసి నాలుగు జైళ్లకు ప్రణాళిక వేసింది. మాన్‌హట్టన్, బ్రూక్లిన్, క్వీన్స్‌లలో కోర్టుల దగ్గరే. బ్రాంక్స్‌లో మాత్రం కోర్టుకు దూరంగా, మాట్ హేవెన్‌లో. 2019 అక్టోబర్ 17న కౌన్సిల్ 36-13 ఓట్లతో ఆమోదించింది. నాలుగూ కలిపి 3,300 మందికి చోటు. మాన్‌హట్టన్ జైలు వచ్చే చైనాటౌన్‌లో, మాట్ హేవెన్‌లో ఇళ్లవాళ్లు తీవ్రంగా ఎదిరించారు. కొత్త జైళ్లే వద్దు, ఆ డబ్బు బస్తీలకు పెట్టమన్నవాళ్లు కూడా ఎదిరించారు. ఈ రెండోవాళ్లతో నేను ఏకీభవించను. కొత్త జైలు లేకుంటే రైకర్స్ మిగులుతుంది. కానీ ఖర్చు విషయంలో వాళ్ల భయం నిజమైంది. అప్పట్లో 8 బిలియన్ డాలర్లు దాటిన అంచనా తర్వాత 15 బిలియన్లు దాటింది.

జారిపోయిన అంకె

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ కాలంలో, నగర జైళ్ల సంఖ్య 4,000 లోపుకు పడిపోయింది. 1940ల తర్వాత ఎన్నడూ అంత తక్కువ లేదు. కొత్త బెయిల్ చట్టం, మహమ్మారికి భయపడి విడిచిపెట్టడం రెండూ కలిశాయి. పదేళ్ల గమ్యం మూడేళ్లలోనే దాటేశామని ఆ రోజు నేను సంబరపడ్డాను. తొందరపడ్డాను. మేం చూస్తున్నది గుణకారంలో ఒక అంకెనే. రెండో అంకె చప్పుడు లేకుండా పెరుగుతోంది. కోర్టులు ఆగిపోయాయి, జ్యూరీలు లేవు, లోపల మిగిలినవాళ్ల వాయిదాలు నెలల తరబడి వెనక్కి పోయాయి. ఆ తర్వాత సంఖ్య మళ్లీ ఎక్కి 2025 నాటికి 7,000 దగ్గరికి చేరింది. 3,300 మందికని గీసిన జైళ్లు చాలవు.

ఈలోగా లోపల పరిస్థితి చెయ్యిదాటింది. సిబ్బంది పెద్ద సంఖ్యలో డ్యూటీకి రావడం మానేశారు. 2021లో 16 మంది, 2022లో 19 మంది చనిపోయారు. జైళ్లలో హింస మీద 2011లో మొదలైన నున్యెజ్ కేసులో ఫెడరల్ జడ్జి లారా టేలర్ స్వెయిన్ 2024 నవంబర్‌లో నగరం కోర్టు ధిక్కారానికి పాల్పడిందని తేల్చి, 2025 మేలో జైళ్లను సరిదిద్దే అధికారాన్ని బయటి మేనేజర్‌కు ఇవ్వాలని ఆదేశించారు.

వాయిదాలు ఎందుకు పెరుగుతాయి? కలీఫ్ కేసు కాలంలో చట్టం ఇలా ఉండేది. పెద్ద నేరంలో ప్రాసిక్యూటర్ ఆరు నెలల్లో విచారణకు సిద్ధమవాలి. చదివితే బాగానే ఉంటుంది. కానీ ప్రాసిక్యూటర్ లేచి "సిద్ధంగా లేం, ఒక వారం కావాలి" అంటాడు. కోర్టులో తేదీలు ఖాళీ లేక తర్వాతి వాయిదా ఆరు వారాలకు పడుతుంది. ఆరు నెలల్లోంచి తీసేసేది ఆ ఒక్క వారమే. మిగతా ఐదు వారాలు ఎవరి ఖాతాలోనూ పడవు, జైల్లో ఉన్నవాడి ఒంటి మీద తప్ప. ఇలా ఆరు నెలలు మూడేళ్లవుతాయి.

కలీఫ్ చట్టమని పిలిచే సవరణలు 2020లో అమల్లోకి వచ్చాయి. సాక్ష్యాలన్నీ అవతలి లాయరుకు ఇచ్చామని రాతపూర్వకంగా చెప్పేదాకా సిద్ధంగా ఉన్నామనడానికి వీల్లేదు. అంతకుముందు విచారణ ముంగిట్లో గాని కాగితాలు చేతికిచ్చేవాళ్లు కాదు. ఇది పెద్ద మార్పు. అయినా కోర్టులో తేదీలు లేకపోవడాన్ని, ల్యాబ్ రిపోర్టు రాకపోవడాన్ని, జైలు బస్సు రాకపోవడాన్ని ఈ చట్టం తాకలేదు. కమిషన్ కూడా తాకలేకపోయింది. బెయిల్ రాష్ట్ర శాసనసభ చేతిలో ఉంటుంది, జైలు నగరం చేతిలో ఉంటుంది, వాయిదా వేసే అధికారం ఒక్కో కోర్టు గదిలో ఒక్కో జడ్జి దగ్గర ఉంటుంది. మాజీ ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షుడైనా ఆ గదుల్లోకి సిఫారసే వెళ్తుంది.

రెండోసారి

2023 అక్టోబర్‌లో స్పీకర్ ఆడ్రియన్ ఆడమ్స్ కమిషన్‌ను మళ్లీ పిలిచారు. అధ్యక్షుడు లిప్‌మనే. 2025 మార్చిలో ఇచ్చిన నివేదికలో, రైకర్స్‌ను మూయడానికి చట్టం పెట్టిన 2027 ఆగస్టు 31 గడువును అందుకోలేమని కమిషనే ఒప్పుకుంది. మూయాలన్న నిర్ణయాన్ని మాత్రం వదల్లేదు. ఈసారి బరువంతా రెండు చోట్ల పెట్టింది: కేసుల వేగం, మానసిక వైద్యం.

రెండోది నా ఫైళ్లలో ఎక్కువ. నగర జైళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని నమోదైంది. ఐదుగురిలో ఒకరిది తీవ్రమైన జబ్బు. మనిషికి తన మీద కేసేమిటో అర్థమవుతోందా అని తేల్చే పరీక్ష ఒకటుంది, సెక్షన్ నంబరును బట్టి దాన్ని 730 అంటాం. పరీక్షకు కొన్ని వారాలు. అర్థం కావట్లేదని తేలితే రాష్ట్ర ఆసుపత్రిలో మంచం కోసం మరిన్ని వారాలు. బాగుపడి తిరిగొచ్చాక కోర్టు తేదీ కోసం ఎదురుచూస్తూ రైకర్స్‌లో మళ్లీ మందులు తప్పిపోతాయి, మనిషి మళ్లీ చెదిరిపోతాడు, మళ్లీ 730. బెల్‌వ్యూ లాంటి ఆసుపత్రుల్లోనే భద్రత ఉన్న వార్డులు కట్టి వాళ్లను అక్కడికి మార్చాలన్నది చాలాకాలంగా ఉన్న ప్రణాళిక. ఏళ్లుగా ఆలస్యమవుతోంది.

మొదటిదానికి, అంటే కేసుల వేగానికి, కోట్లు ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రతి వాయిదాలోనూ జడ్జి మూడు సంగతులు రాయించాలి: ఈ రోజు జరగాల్సిన పని ఏమిటి, ఎవరి వల్ల జరగలేదు, వచ్చే తేదీకి ఎవరు ఏం తేవాలి. లోపలున్నవాడి కేసైతే ఫైలు మొదటి పేజీలోనే ఇప్పటికి ఎన్ని రోజులైందో పెద్ద అంకెల్లో వెయ్యాలి. రెండేళ్లుగా నేను నా నోటు పుస్తకంలో ఇదే రాసుకుంటున్నాను. బయటున్న నా వాళ్ల కేసులవి, లోపలున్నవాళ్లవి ఇంకెలా ఉంటాయో ఊహించుకోవచ్చు. నిన్నటి పేజీలో ఇలా ఉంది: 211వ రోజు. ల్యాబ్ రిపోర్టు రాలేదు. ఎవరు తేవాలో చెప్పలేదు. వచ్చే తేదీ ఆరు వారాలకు.